వదిన ఎత్తు దడి

మొన్న మా అబ్బాయి స్నానాల గది కొత్తగా కట్టిస్తూ, టైల్స్ చూద్దువు రమ్మని నన్ను బాన్సువాడ బజారుకు తీసుకుపోయాడు. దుకాణం ఆయన రంగులన్నీ చూపించి అడిగాడు: "గోడకు ఎంత ఎత్తు దాక కావాలె అమ్మా? నడుం దాకనా, భుజాల దాకనా, పూరా పైదాకనా? ఎత్తును బట్టే సామాను." మా అబ్బాయి ఫోన్‌లో లెక్క వేసుకుంటున్నాడు. నేను మాత్రం 'భుజాల దాక' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. నా చిన్నతనంలో ఆ మాట మా ఇంట్లో ఒక కొత్త కాపురాన్ని ఊపి వదిలింది.

అప్పుడు మా ఇల్లు ఊరి చివర ఉండేది. ఇంటి వెనుక కొట్టం, కొట్టం పక్కన తానాల దడి, అది దాటితే పిల్లకాలువ గట్టు. పొలాలకు పోయే మగవాళ్లందరికీ ఆ గట్టే దారి. సైకిళ్లు, ఎడ్లు, మోపులెత్తుకున్న మనుషులు పొద్దంతా పోతూనే ఉండేవారు.

దడి అంటే పెద్ద కట్టడమేమీ కాదు. నాలుగు మూలలా నాలుగు గుంజలు, వాటికి కట్టిన నాలుగు వెదురు తడకలు. పైన కప్పు లేదు. కింద నాపరాయి బండ. ఒక మూలన మనిషి దూరేంత సందు, దానికి గోనెపట్టా. లోపల ఒక పక్క మూడు రాళ్ల మీద నీళ్ల కాగు, ఇంకో పక్క చన్నీళ్ల గోలెం. కాగు కింద చెరుకు ఆకు మండుతుంటే వచ్చే తియ్యటి పొగ, తడిసిన వెదురు వాసన, నలగ్గొట్టిన కుంకుడుకాయల నురగ... మూడూ కలిస్తే మా ఇంట్లో ఆదివారం. అవ్వ నా తల రుద్దుతూ, కళ్లు మండి నేను అరిస్తే, "మండితెనే మురికి పోతది, ఊకో" అనేది.

ఆ దడిని మా తాత అవ్వ ఎత్తు చూసి కట్టించాడట. అవ్వ గడ్డం దాకా వచ్చేది. అమ్మా ఆమెంతే ఉండేది. నేనింకా పొట్టి. మా ఇంట్లో మగవాళ్లు కూడా అంత ఎత్తు మనుషులేం కారు. పొట్టివాళ్లమని మాకు ఎప్పుడూ అనిపించలేదు. వదిన వచ్చాకే తెలిసింది.

వదినది మద్నూరు అవతల, మరాఠీ తెలుగూ కలిసిపోయిన ఊరు. పెళ్లిలో అన్న పక్కన ఆమె నిలబడితే, బాసికం కట్టిన ఆమె నుదురు అన్న తలపాగాతో సమంగా వచ్చింది. తలపాగా తీస్తే లెక్క వేరే. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "పిల్లను తెచ్చిండ్రా, నిచ్చెనను తెచ్చిండ్రా?" అని మా దూరపు మేనత్త ఒకామె అందరికీ వినపడేలా అంది. వదిన ఆ రోజే మెడ వంచింది. అత్తింటికొచ్చాక కూడా ఆమె అలాగే, పైనుంచి ఏదో తగులుతుందన్నట్టు, కొంచెం వంగి నడిచేది.

నాకు మాత్రం ఆమె ఎత్తు పండుగ. పిల్లల చేతికి అందకూడదని అవ్వ ఉట్టి మీద దాచే పాత బెల్లం ముద్ద, వదిన చెయ్యి చాపితే అందేది. అవ్వ కునుకు తీస్తుంటే వదిన ఒక చిన్న పెళ్ల విరిచి నా నోట్లో పెట్టి, ఇంకొకటి తను పెట్టుకునేది. "పోరీ, చప్పుడు చెయ్యకు" అనేది. పోరీ అన్న మాట మా దగ్గర కోపమొస్తే అనేది. వాళ్ల వైపు ముద్దొస్తే అంటారట. మొదట్లో అవ్వకు ఆ మాట నచ్చలేదు. "ఆడబిడ్డను పోరీ అంటవేందే?" అని గద్దించింది కూడా. వదిన శనగపిండితో పలుచగా వండే పిఠలం, దాంట్లోకి జొన్నరొట్టె రుచి చూశాక మాత్రం అవ్వ కోపం కొంత తగ్గింది. ఇంకో రొట్టె అడిగేది కానీ బాగుందని ఎన్నడూ అనలేదు.

భాద్రపదం వానల్లో వదినకు జ్వరమొచ్చింది. దవాఖానకు తీసుకుపోయి గోలీలు, సీసాలో ఎర్ర మందు తెచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. అవ్వకు కారణం తెలిసిపోయింది. "కోడి కూయకముందు తానమేందే నీకు? మా ఇంట్ల గా రివాజు లేదు. చలిల నాని నాని జరం తెచ్చుకున్నవు" అని మంచం దగ్గర కూర్చుని తిట్టింది. వదిన గోడ వైపు తిరిగి పడుకుంది.

జ్వరం దిగాక ఒక మధ్యాహ్నం అందరూ పొలంలో ఉన్నారు. తలంటుకోవాలని ఆమెకు మనసైంది. "పోరీ, గట్టు మీద నిలబడు. ఎవరన్న వస్తే దగ్గు" అంది.

నేను గట్టెక్కి నిలబడ్డాను. అప్పుడు మొదటిసారి మా దడిని బయటినుంచి చూశాను. వదిన కూర్చున్నంతసేపు ఏమీ కనపడలేదు. జుట్టు పిండుకోవడానికి లేచి నిలబడింది. మోకాళ్లు వంచి, వీపు వంచి, ఎంత ముడుచుకున్నా భుజాలు తడకల పైనే ఉన్నాయి. గట్టు ఎత్తు మీద నుంచి ఇంకా కిందికి కూడా కనపడుతోంది. సరిగ్గా అప్పుడే మలుపులోంచి ఇద్దరు మగవాళ్లు సైకిళ్ల మీద వచ్చారు. నేను గట్టిగా దగ్గాను. వదిన ఒక్కసారిగా కూలబడింది. కాగు ఒరిగిన చప్పుడు. పోతూ పోతూ వాళ్లలో ఒకడు, "ఏందిరో, వీళ్ల దడిల తాటిచెట్టు మొలిచింది!" అన్నాడు. రెండోవాడి నవ్వు కాలువ వెంట చాలా దూరం వినపడింది.

నేను గోనెపట్టా తీసి లోపలికి పరిగెత్తాను. వేడినీళ్లు పడి ఆమె పాదం ఎర్రగా కమిలింది. ఆమె పాదం చూసుకోవడం లేదు. తడి చీర చుట్టుకుని, మోకాళ్లు గుండెకు హత్తుకుని, బండ మీద గువ్వలా కూర్చుంది.

"ఈ ఎత్తు నేను అడిగి తెచ్చుకున్ననా పోరీ? కాళ్లు కోసుకోవాల్నా చెప్పు" అంది.

నేను గోలెంలోంచి చన్నీళ్లు ముంచి ఆమె పాదం మీద పోశాను.

"మా ఇంట్ల రాతిగోడల గది. తలుపు గూడ ఉంటది. నేనెన్నడన్న గిట్ల దొంగలెక్క తానం చేసిన్నా?" అని, నా చెయ్యి పట్టుకుని, "ఎవ్వలకు చెప్పకు. షరం పోతది, పరువు పోతది" అంది.

కాలికి ఏమైందంటే గంజి పడిందని అందరికీ చెప్పింది.

ఆ వారంలోనే బడిలో మా లెక్కల సారు పట్టకం పాఠం మొదలుపెట్టారు. ఆయన కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు చేసుకునే కుటుంబాల మనిషి. మాట మెత్తగా, సాగదీసినట్టుండేది. అడుగూ మూతా తీసేసిన ఒక నలుచదరపు అట్టపెట్టె తెచ్చి, దాని చుట్టూ అంటించిన రంగు కాగితాన్ని మెల్లగా ఊడదీసి, బల్ల మీద పరిచారు.

"పక్కతలం అంటే ఇదేనమ్మా. చూడండి, పొడుగ్గా ఒకే ముక్క. దీని పొడవేంటి? పెట్టె చుట్టుకొలత. వెడల్పేంటి? పెట్టె ఎత్తు. ఇప్పుడు ఎత్తు పెంచామనుకోండి, చుట్టుకొలత మారుద్దా?"

"మారదు సార్."

"మరి కాగితం ఎంత ఎక్కువ పడుద్ది?"

అందరం తలలు దించుకున్నాం. మా వెనకమ్మాయి రెట్టింపని గొణిగింది. సారు ఇంకో కాగితపు పట్టీ తీసి, పెట్టె పై అంచు చుట్టూ ఒక్క చుట్టు చుట్టారు. "ఎంత ఎత్తు పెంచితే అంత వెడల్పు పట్టీ, ఒక్క చుట్టు. అంతే. ఎత్తు రెండింతలైతేనే కాగితం రెండింతలు. ఎత్తు కొంచెం పెరిగితే, అదీ ఆ వంతునే పెరుగుద్ది. అడుక్కీ మూతకీ దీంతో సంబంధం లేదు."

అడుగూ లేదు, మూతా లేదు. నాకు పెట్టె కనపడలేదు. నాలుగు తడకలు కనపడ్డాయి.

బతుకమ్మ పండుగకు వదినను తీసుకుపోవడానికి ఆమె తమ్ముడు వచ్చాడు. ఇల్లంతా సత్తుపిండి, నువ్వుల వాసన. అమ్మ మలీద ముద్దలు చేసి మూట కట్టింది. వదిన పెట్టె సర్దుతుంటే నేను పక్కనే కూర్చున్నాను. పండుగకు పోయేవాళ్లు రెండు మూడు చీరలు పెట్టుకుంటారు. ఆమె అన్నీ పెట్టింది. చలికాలపు దుప్పటి పెట్టింది. పెళ్లికి తెచ్చుకున్న ఇత్తడి చెంబు కూడా చీరల మధ్య దోపింది.

"మళ్ల ఎప్పుడొస్తవు వదినా?"

"జూద్దాం పోరీ" అంది. నా తల నిమిరి, అందరికీ మొక్కి, వంగిన మెడతోనే బస్సెక్కింది.

ఆ సాయంత్రం అన్న సైకిల్ చైనుకు నూనె వేస్తున్నాడు. చెప్పనని నేను వదినకు మాటివ్వలేదు, ఊకున్నాను అంతే. మాటలోని ఆ సందులోంచే దూరి అన్నకు అంతా చెప్పాను. దడి, గట్టు, సైకిళ్లు, తాటిచెట్టు మాట, కాలిన పాదం, సర్దుకున్న పెట్టె. అన్న చేతిలో నూనె డబ్బా వంగి నూనె నేలపాలవుతుంటే కూడా చూసుకోలేదు.

"నాకెందుకు చెప్పలే తను?"

"నువ్వెప్పుడన్న అడిగినవా?"

అన్న నూనె డబ్బా పక్కన పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తర్వాత లేచి నేరుగా బాపు దగ్గరికి పోయాడు. ఆడవాళ్ల స్నానం సంగతి తండ్రితో మాట్లాడటం మా ఇండ్లల్లో మామూలు విషయం కాదు. "బాపూ, దడి ఎత్తు పెంచాలె" అని మాత్రం అన్నాడు, నేల చూస్తూ.

"ఇప్పుడేం పుట్టింది దానికి?" అన్నాడు బాపు. "ఎత్తు పెంచుడంటే మాటలా? నాలుగు దిక్కులు. మొత్తం ఇప్పి కొత్తగ కట్టాలె, రెండింతల తడకలు కావాలె. మేదరోళ్లు పండుగ దినాలల్ల అల్లుతరా? వరి కోతలైనంక జూద్దాం, ఇగ."

వాకిట్లో తంగేడు పువ్వు తెంపుతున్న అవ్వకు ఆ మాటలు వినపడ్డాయి. "నేను గదాంట్లనే చేసిన, మీ అమ్మ గదాంట్లనే చేసింది. గామె ఒక్కతికి కోట కట్టాల్నా?" అంది.

వరికోతలంటే దీపావళి దాటిపోతుంది. కొత్త అల్లుడు దీపావళికి అత్తగారింటికి పోయి భార్యను తోలుకురావాలి. అప్పటికీ దడి అలాగే ఉంటే ఆమె రాదని నాకు తెలుసు, అన్నకు తెలుసు.

మరునాడు బొగ్గుముక్కతో కొట్టం గోడ మీద గీసి అన్నకు చూపించాను. మా తడక ఒక్కోటి నాలుగు మూరల పొడవు, మూడు మూరల ఎత్తు. "అడ్డంగ ఉన్నదాన్ని నిలువుగ కడితే?" అన్నాను.

అన్న కళ్లు చిట్లించి చూశాడు. "తడక గదే కదా. ఎక్కువ ఎట్లయితది?"

"ఎక్కువ కాదు. దడి చుట్టు పదహారు మూరలుండేది పన్నెండయితది. ఎత్తు మూడు నాలుగయితది. దాన్ని దీన్ని గుణించు, రెండూ నలభై ఎనిమిదే."

గుణించి చూసుకుని అన్న నవ్వాడు. వదిన పోయిన తర్వాత అదే మొదటిసారి. బాపు పొలానికి పోగానే ఇద్దరం గుంజలు పీకి, లోపలికి జరిపి పాతాం. తడకలను నిలువుగా తిప్పి కొత్తాళ్లతో కట్టాం. చేతులకు వెదురు పేళ్లు గుచ్చుకున్నాయి. దడి సన్నగా, పొడుగ్గా, తమాషాగా లేచింది. అన్న లోపల నిలబడితే, గట్టెక్కి చూసిన నాకు జుట్టు కూడా కనపడలేదు.

మొదటి స్నానం అవ్వది. పండుగ పూట, తప్పదు. "ఏందిరా గిది? బాయిల దించినట్టున్నది!" అంటూ లోపలికి దూరింది. తర్వాత వినాలి ఆమె తిట్లు. మోచెయ్యి కాగుకు తగిలి ఒకసారి, మోకాలు గోలేనికి తగిలి ఇంకోసారి, కూర్చునే పీట పట్టక మరోసారి. అన్న, నేను కొట్టం వెనుక నోళ్లు మూసుకుని కూర్చున్నాం. ఇప్పుడు బయటికొచ్చి మొత్తం పీకించేస్తుంది, అయిపోయింది అనుకున్నాను.

తిట్లు ఆగిపోయాయి. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత నీళ్లు పడ్డాయి. మళ్లీ పడ్డాయి. అవ్వ ఎన్నడూ అంతసేపు స్నానం చెయ్యలేదు. కాగు అడుగు గీకిన చప్పుడు వినపడేదాకా పోసుకుంటూనే ఉంది.

బయటికొచ్చి, తడి వెంట్రుకలు తుండుతో దులుపుకుంటూ, అమ్మ దగ్గర పీట వేసుకుని కూర్చుంది. గొంతు తగ్గించి అంది: "కూసుండ జాగ లేకపాయె. నిలవడి పోసుకున్ననే."

అమ్మ చేతిలో పని ఆపి చూసింది.

"ఈ ఇంట్లకు పెండ్లయి వచ్చినకాంచి ఎన్నడు నిలవడి పోసుకోలే" అంది అవ్వ. "గట్టు మీదికెంచి ఎవడు జూస్తడో అని, మెడ లేపకుండ, వంగి వంగి... ఇయ్యాల నెత్తిమీదికెంచి పోసుకుంటే వీపంత జారినయే నీళ్లు."

అమ్మ అవ్వ చేతిలోని తుండు అందుకుని ఆమె తల తుడిచింది. "నేను గూడ అంతే అత్తమ్మా" అంది. ఆ పొద్దు ఉదయమే స్నానం చేసిన మనిషి, ఇంకో కాగు నీళ్లు పెట్టుకుని నట్టనడి మధ్యాహ్నం మళ్లీ దడిలోకి పోయింది.

అప్పటిదాకా నేను అది వదిన ఒక్కదాని బాధ అనుకున్నాను.

బాపు పొలం నుంచి వచ్చి దడిని చూసి నోరు తెరవబోయాడు. అవ్వ అడ్డుపడింది. "ఎత్తు ముట్టినవంటే మంచిగుండదు. ఎడల్పు జెయ్యి, మోకాలు కొట్టుకపోయింది."

"అటు ఎత్తు, ఇటు ఎడల్పు అంటే యాడికెంచి తేవాలె నేను? రెండింతలు..." అని బాపు మొదలుపెట్టాడు.

"రెండింతలొద్దు బాపూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "పాత తడకలను ఎప్పటిలెక్క అడ్డంగనే కట్టాలె. వాటి మీద మూరెడు పట్టీ, చుట్టూ ఒక్క చుట్టు. కింద బండ గదే, పైన కప్పు లేనే లేదు. ఉన్నదాంట్ల మూడో వంతే ఎక్కువ పడతది."

"గంతేనా?"

"గంతే."

బాపు దడి చుట్టూ తిరిగి వచ్చాడు. వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకున్నాడు. "గీ మాట ముందుగల్లనే చెప్పకపోతిరి, నేను ఫికర్ పడకపోదును" అని, ఎవరినీ చూడకుండా చుట్ట వెలిగించుకున్నాడు.

అన్న మేదరివాడకు పోయి, పండుగైన తెల్లారి నుంచి అక్కడే కూర్చుని పట్టీలు అల్లించాడు. చుట్టగా చుట్టి సైకిల్ వెనుక కట్టుకుని వస్తుంటే అవి అటూ ఇటూ ఊగి, ఊళ్లో కుక్కలన్నీ వెంటపడ్డాయి. ఈసారి బాపే గుంజలు పాతాడు, పొడుగువి. పచ్చి వెదురు పట్టీ పాత తడకల మీద లేత రంగులో మెరిసింది.

దీపావళికి అన్న మద్నూరు వైపు పోయాడు. అనుకున్న రోజున రాలేదు. మరునాడూ రాలేదు. అమ్మ ప్రతి బస్సు చప్పుడుకూ వాకిట్లోకి వచ్చేది. అవ్వ రొట్టె సగంలో వదిలేసి లేచింది. ఆ తర్వాత ఒక పొద్దెక్కిన పూట అన్న భుజం మీద పెట్టెతో వచ్చాడు, వెనుక వదిన. వాళ్లమ్మ పంపనని కూర్చుందట. అన్న బతిమాలలేదట, కోప్పడలేదట. "ఒక్కసారి వచ్చి జూడు. నచ్చకుంటె నేనే తెచ్చి దించుత" అన్నాడట. ఏం చూడాలో మాత్రం చెప్పలేదట.

నేను కాళ్లు కడుక్కోనివ్వకుండానే ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కుపోయాను. వదిన దడి ముందు నిలబడింది. పాత తడక దాకా చూసి, కొత్త పట్టీ దాకా చూసి, మెల్లగా చెయ్యి తన నడినెత్తి మీద పెట్టుకుని తడక వైపు జరిపింది. అంచు ఆమె చేతికంటే పైన ఉంది.

"అగబాయి..." అంది, వాళ్ల వైపు ఆశ్చర్యమేస్తే అనే మాట.

ఎవరు చెప్పారని నన్నడగలేదు. నా వైపు చూసింది. నేను కాలువ వైపు చూశాను. ఆమె నా జడ పట్టుకుని చిన్నగా లాగి వదిలింది.

అవ్వ కొట్టం గుమ్మంలోంచి, "బస్సుల దుమ్ము పట్టుకొచ్చినవు, కాగు కాగింది, పో" అంది, ఎప్పటి గొంతుతోనే. కుంకుడు పులుసు గిన్నె మాత్రం తనే తెచ్చి దడి లోపల పెట్టింది.

సూర్యుడు నడినెత్తికొచ్చిన వేళ. గట్టు మీద మనుషులు పోతూనే ఉన్నారు, సైకిళ్లు పోతూనే ఉన్నాయి. వదిన స్నానం చేసింది. బయటికొచ్చినప్పుడు ఆమె జుట్టంతా వీపు మీద పరుచుకుని ఉంది. పెళ్లిలో కూడా నేను ఆమె పూర్తి ఎత్తు చూడలేదని ఆ రోజు అర్థమైంది. అన్న పెట్టె ఇంకా విప్పకుండా వాకిట్లోనే కూర్చున్నాడు. ఆమె వచ్చి ఆ పెట్టె తనే లోపలికి తీసుకుపోయింది.

ఇరుగుపొరుగు ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పారో నాకు తెలియదు. అవ్వే చెప్పి ఉంటుంది. మొదట పక్కింటి పెద్దమ్మ పిండి అడుక్కునే వంకతో వచ్చి, దడిలోకి తొంగిచూసి, లోపల నిలబడి చూసుకుని పోయింది. తర్వాత ఆమె కోడలు. తర్వాత ఎదురు వాడ నుంచి ఇద్దరు. ఎన్ని మూరలు పెంచారు, ఎంత పట్టింది అని నన్నడిగేవారు. ఎంత పెంచితే అంత వెడల్పున ఒక చుట్టు అని నేను చెప్పేదాన్ని. ఏ పంచాయతీలోనూ ఆ మాట రాలేదు. మగవాళ్లు దాని గురించి మాట్లాడుకోగా నేను వినలేదు. చెప్పలేని సంగతులకు మా ఊళ్లో ఆడవాళ్లు చేసే పద్ధతే అది. అడగరు, గొడవ పడరు, ఒకనాటికి పని జరిగిపోయి ఉంటుంది.

ఆ ఎండాకాలం సెలవుల్లో నేనూ వదినా గట్టు మీదుగా పొలానికి సద్ది తీసుకుపోయేవాళ్లం. ఆమె ముందు, నేను వెనుక. ఇండ్ల వెనుక దడులు ఒక్కొక్కటే లేచి ఉన్నాయి. కొన్నిటికి వెదురు, కొన్నిటికి కంది కట్టె, ఒకదానికి పాత గోనెలు. లోపల ఎవరున్నారో కనపడదు. నీళ్ల చప్పుడు మాత్రం వినపడేది. మునుపు ఆ చప్పుడు నేలను ఆనుకుని, గుసగుసలా ఉండేది. ఇప్పుడు నీళ్లు పైనుంచి కిందికి, తల మీదినుంచి బండ మీదికి, ధారగా పడుతున్నాయి.